ఆరో తరగతి తొలి నెల

జూన్ 12 వచ్చిందంటే తెలంగాణలో బడి గంట మోగుతుంది. శంషాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లలో, పాల్మాకులలో కానీ, పెద్ద గోల్కొండలో కానీ, తొండుపల్లిలో, నర్కుడలో కానీ, ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లలు ఆ రోజు హైస్కూలు మెట్లెక్కుతారు. కొందరికి ఆ హైస్కూలు వీధి చివరే ఉంటుంది. కొందరికి పక్క ఊళ్లో ఉంటుంది. ఈ పూట ఆ పిల్లల గురించి మాట్లాడుకుందాం. గేటు దగ్గర వాళ్లకు ఎదురువెళ్లి లోపలికి తీసుకొచ్చే టీచరు గురించి మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రిజిస్టరులో బిడ్డ పేరు రాసుకోవడం ఒక పూట పని. ఆ బిడ్డ ఈ బడి నాది అనుకునేలా చేయడం ఒక నెల పని. ఆ నెల పనిని ప్రతి హైస్కూల్లోనూ ఒక టీచరుకు పేరు పెట్టి అప్పజెప్పాలి. దాన్ని పాఠం చెప్పడంతో సమానమైన పనిగా లెక్కకట్టాలి. ఎందుకు అలా అంటున్నానో, దానికి ఆధారం ఏమిటో, కాదనేవాళ్లకు నా జవాబు ఏమిటో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఐదు తర్వాత ఆరు. పెద్దవాళ్లకు అది ఒక్క అంకె తేడా. పదకొండేళ్ల బిడ్డ వైపు నుంచి చూడండి, అది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. నిన్నటిదాకా ఊరి బడిలో ఒకరో ఇద్దరో టీచర్లు. వాళ్లకు ఆ పిల్ల తెలుసు. వాళ్లమ్మ తెలుసు. ఏ రోజు ఎందుకు రాలేదో తెలుసు. హైస్కూల్లో తెలుగుకు ఒకరు, ఇంగ్లిషుకు ఒకరు, లెక్కలకు ఒకరు, సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు. గంట కొట్టగానే ఒకరు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. ఒక్కొక్కరూ రోజుకు ఐదారు తరగతుల పిల్లల్ని చూస్తారు. అందరికీ ఆ పిల్ల కొత్తే. మన సర్కారు బడుల్లో హిందీ కూడా ఆరో తరగతిలోనే మొదలవుతుంది. అంటే ఒక కొత్త లిపి. నిన్నటిదాకా బడిలో అందరికన్నా పెద్ద తరగతి వాళ్లది. ఈ రోజు అందరికన్నా చిన్న తరగతి వాళ్లదే. మీసాలు మొలుస్తున్న పదో తరగతి అన్నల మధ్య నుంచి నీళ్ల ట్యాంకు దగ్గరకు వెళ్లాలి. ఆడపిల్లలకైతే ఒంట్లో మార్పులు మొదలయ్యే వయసు కూడా ఇదే. బాత్రూం ఎక్కడుంది, గడియ పడుతుందా, నడుమ పీరియడ్‌లో లేచి వెళ్లనిస్తారా, ఏదైనా అవసరం వస్తే ఏ మేడంను అడగాలి అన్నవి వాళ్లకు పెద్ద ప్రశ్నలు. సిగ్గుతో అడగలేరు. అడగలేక నీళ్లు తాగడం మానేసే పిల్లలు ఉంటారు. నెలసరి వచ్చిన నాలుగు రోజులూ బడి మానేసే పిల్లలు ఉంటారు. ఇవన్నీ ఒకే వారంలో మీద పడతాయి. అందుకే అంటున్నాను, ఐదు నుంచి ఆరుకు రావడం ఒక్క అంకె తేడా కాదు. బిడ్డకు అది కొత్త ఊరు.

ఇక శంషాబాద్ సంగతికి వద్దాం. ఈ ప్రాంతం మిగతా మండలాల లాంటిది కాదు. 2008 మార్చిలో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. దాని కోసం వేల ఎకరాల భూమి పోయింది. సాగు చేసుకున్న ఊళ్లు చూస్తుండగానే డ్యూటీలకు వెళ్లే ఊళ్లయ్యాయి. రన్‌వే పక్క ఊళ్లలో కార్గో గోదాములు వచ్చాయి, హోటళ్లు వచ్చాయి, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఇళ్ల వెంచర్లు వచ్చాయి. వాటితో పాటు పని వెతుక్కుంటూ మనుషులు వచ్చారు. పాలమూరు నుంచి వచ్చారు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చారు. వాళ్ల వెంట పిల్లలు వచ్చారు. ఈ పిల్లలు జూన్ 12 దాకా ఆగి రారు. మేస్త్రీ పని ఎప్పుడు దొరికితే అప్పుడు వస్తారు. దసరా సెలవుల తర్వాత ఒకరు, సంక్రాంతి దాటాక ఇంకొకరు. కాబట్టి ఇక్కడి హైస్కూల్లో కొత్త పిల్లలు అనే మాట జూన్ నెలకే పరిమితం కాదు. అది ఏడాది పొడుగునా నడిచే సంగతి. జూన్‌లో ఒక సభ పెట్టి, దండ వేసి, పుస్తకాలు పంచి, ఫొటో దిగితే ఆ పూటకు బడి ముస్తాబవుతుంది. నవంబరులో వచ్చిన పిల్లకు ఆ సభ లేదు, ఆ పుస్తకాల వరస లేదు. ఆ పిల్ల ఒక్కతే హెచ్ఎం గది గుమ్మం దగ్గర నిలబడుతుంది. అందుకే నేను సభ పెట్టమని అడగడం లేదు. మనిషిని పెట్టమని అడుగుతున్నాను. సభ ఒక్క రోజుతో అయిపోతుంది. మనిషి నవంబరులోనూ ఉంటారు.

చట్టం ఈ పిల్లలకు తలుపు తెరిచింది. అది చిన్న విషయం కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రాలేదన్న కారణంతో చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు. ఏడాది మధ్యలో వచ్చారని తిప్పి పంపకూడదు. చదువు మధ్యలో ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేకంగా నేర్పాలి. ఇప్పుడు కంప్యూటరు లెక్క కూడా వచ్చింది. ఒక బడి వదిలిన బిడ్డ పేరు బడుల వివరాలుండే పోర్టల్ యూడైస్‌లో డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తుంది. కొత్త బడి వాళ్లు ఆ బిడ్డకు శాశ్వతంగా ఇచ్చిన పెన్ నంబరు కొట్టి ఆ పేరును తమ బడిలోకి తెచ్చుకుంటారు. ఈ పని చేసే టీచర్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ ఒక్క సంగతి గమనించండి. పోర్టల్లో పేరు మారింది. తరగతి గదిలో బిడ్డ సంగతి ఏమిటి? ఏ బెంచీ మీద కూర్చుంది? పక్కన ఎవరున్నారు? మధ్యాహ్న భోజనం దగ్గర కంచం పట్టుకుని ఎవరి వెనక నిలబడింది? వీటికి పోర్టల్లో గడి లేదు. వీటిని చూసే కన్ను కావాలి.

ఈ మాట ఊహతో చెబుతున్నది కాదు. మన రంగారెడ్డి జిల్లాయే దీనికి పెద్ద సాక్ష్యం. 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఈ జిల్లా పల్లెల్లో బాల కార్మికుల కోసం పని మొదలుపెట్టింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పశువుల వెంట, పత్తి చేల వెంట తిరిగే పిల్లల్ని ఆ సంస్థ నేరుగా తీసుకెళ్లి బడిలో కూర్చోబెట్టి చేతులు దులుపుకోలేదు. ముందు శిబిరాలు పెట్టింది. ఆ శిబిరాల్లో పిల్లలు నెలల తరబడి ఉన్నారు. చదవడం, రాయడం నేర్చుకున్నారు. దాంతో పాటు ఒకచోట కూర్చోవడం, అడగడం, జవాబు చెప్పడం, బడి పిల్లల్లా బతకడం నేర్చుకున్నారు. ఆ తర్వాతే వయసుకు తగిన తరగతిలో చేరారు. చేరాక కూడా ఊరి కార్యకర్తలు వాళ్లను వదల్లేదు. ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి, ఒక బడి నుంచి ఇంకో బడికి వెళ్లే చోట పిల్లలు జారిపోతారని వాళ్లకు తెలుసు. చదువురాని తల్లిదండ్రులకు టీసీ అంటే ఏమిటో, ఎవరి దగ్గర తీసుకోవాలో తెలియక ఆ మలుపులోనే చదువు ఆగిపోయేది. ఈ పనిలో సర్కారు టీచర్లు కూడా బాల కార్మిక విమోచన వేదిక పేరుతో కలిసి నడిచారు. ఆ అనుభవం నుంచి నేను తీసుకునే పాఠం ఇది. బిడ్డను గేటు దాకా తేవడం సగం పని. గేటు దాటాక చేయి పట్టుకునే మనిషి ఉంటేనే మిగతా సగం అవుతుంది.

అయితే అది బడి ముఖం చూడని పిల్లల సంగతి, ఐదేళ్లు చదివిన పిల్లలకు ఇంత అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. అవసరమే. దీనికి దూరదేశపు ఆధారం ఒకటి చెబుతాను. అమెరికాలో న్యూయార్క్ నగరపు బడుల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. వాళ్లు రెండు రకాల పిల్లల్ని పోల్చి చూశారు. ఒకరకం, ఆరుకో ఏడుకో వేరే బడికి మారినవాళ్లు. రెండోరకం, ఎనిమిదో తరగతి దాకా అదే బడిలో ఉన్నవాళ్లు. బడి మారిన ఏడాదే మొదటి రకం పిల్లలు లెక్కల్లోనూ ఇంగ్లిషులోనూ వెనకబడ్డారు. ఆ తర్వాతి ఏళ్లలో కూడా ఆ వెనకబాటు తీరలేదు. ఆలోచించండి. వాళ్లు బడి మానినవాళ్లు కాదు. ఏళ్ల తరబడి చదువుకున్నవాళ్లే. బడి మారడమే వాళ్లను వెనక్కి లాగింది. మన దగ్గర పాఠ్యం వేరు, పిల్లలు వేరు, బతుకు వేరు. అయినా పదకొండేళ్ల మనసు పదకొండేళ్ల మనసే. అక్కడ సౌకర్యాలన్నీ ఉన్న బడుల్లోనే ఆ దెబ్బ తగిలిందంటే, తల్లి రాత్రి డ్యూటీకి వెళ్లే ఇంటి బిడ్డకు ఇక్కడ తగలదని ఎలా అనుకుంటాం?

మరి మందు ఏమైనా ఉందా? ఉంది. అది ఖరీదైనదీ కాదు. అదే అమెరికాలో మాడిసన్ అనే ఊరుంది. అక్కడి సర్కారు బడుల్లో ఆరో తరగతి పిల్లలతో ఒక ప్రయత్నం చేశారు. దాని ఫలితం 2019లో అచ్చయింది. వాళ్లు చేసింది ఏమిటో వినండి. ముందటి ఏడాది ఆరో తరగతి చదివిన పిల్లల మాటల్ని కొత్త పిల్లలతో చదివించారు. మొదట్లో మాకూ భయమేసింది, పరీక్షలంటే దిగులేసింది, కలిసి కూర్చునేవాళ్లు దొరుకుతారా అనిపించింది, తర్వాత అదంతా సర్దుకుంది అన్నది ఆ మాటల సారం. చదివాక కొత్త పిల్లలు తమ మనసులో ఉన్నది తాము రాశారు. తరగతి గదిలోనే, కొద్ది నిమిషాల చొప్పున, ఏడాది మొదట్లో రెండుసార్లు. అంతే. ఆ ఏడాది ఆ పిల్లలు బడికి రాని రోజులు తగ్గాయి. తప్పిన సబ్జెక్టులు తగ్గాయి. గొడవలకు దిగడం తగ్గింది. మళ్లీ చెబుతున్నాను. కొత్త భవనం కట్టలేదు. కొత్త పుస్తకం వేయలేదు. నీ భయం నీ ఒక్కదానిదే కాదు, ఇది అందరికీ వచ్చేదే, ఇది పోయేదే అని నిన్నగాక మొన్న ఆ భయాన్ని దాటిన పిల్లల చేత చెప్పించారు. పెద్దవాళ్లు భయపడకు అంటే బిడ్డ తల ఊపుతుంది. ఏడో తరగతి అక్క నాకూ అట్లనే ఉండె అంటే బిడ్డ నమ్ముతుంది.

ఇప్పుడు కొత్త పిల్లల బాధ్యత అప్పజెప్పిన ఆ టీచరు చేయాల్సిన పని ఏమిటో చూద్దాం. మొదటి రోజు మొదటి పని, పేరు. ప్రతి బిడ్డ పేరూ ఇంట్లో పిలిచినట్టు పలకాలి. ఒడిశా పిల్ల పేరును మన నోటికి వచ్చినట్టు మార్చకూడదు. రెండో పని, బడి చుట్టూ నడక. నీళ్లు ఇక్కడ, బాత్రూం ఇక్కడ, భోజనం ఇక్కడ, మీ పీఈటీ సారు ఈయన, దెబ్బ తగిలితే ఈ గదికి రావాలి. నడిపిస్తూ చూపించాలి, బోర్డు మీద రాసి ఊరుకుంటే సరిపోదు. మూడో పని, జత కట్టడం. ప్రతి కొత్త బిడ్డకూ ఏడో తరగతి నుంచో ఎనిమిదో తరగతి నుంచో ఒక అన్నను, ఒక అక్కను జోడించాలి. వీలైతే అదే ఊరి వాళ్లను, అదే బస్సులో వచ్చేవాళ్లను. శంషాబాద్‌లో ఇది ప్రాణాల సంగతి కూడా. ఊళ్ల మధ్య బెంగళూరు హైవే ఉంది. లారీలు ఆగవు. ఎక్కడ దాటాలో, ఏ ఆటో ఎక్కకూడదో, ఆడపిల్లలు ఆధార్ చూపించి బస్సులో ఉచిత ప్రయాణపు జీరో టికెట్ ఎలా తీసుకోవాలో అక్క చెబితే తలకెక్కుతుంది. నాలుగో పని, వారం తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రెండు నిమిషాలు అడగడం. ఎవరితో కూర్చుంటున్నావు? ఏ పీరియడ్ కష్టంగా ఉంది? భోజనం తింటున్నావా? ఎవరైనా ఏడిపిస్తున్నారా? నెల చివర మళ్లీ ఇవే ప్రశ్నలు. జవాబు మారిందా లేదా చూడాలి. మారకపోతే ఆ బిడ్డ కోసం ఇంకో నెల పెట్టుకోవాలి.

ఇందులో క్రమశిక్షణ మాటే లేదేమిటి అని మీకు అనిపించవచ్చు. నియమాలు ఉండాలి. వేళకు రావాలి, హోంవర్క్ చేయాలి, యూనిఫాం వేసుకోవాలి. నా వాదన వరస గురించి. ముందు మనిషి, తర్వాత నియమం. మొదటి రోజు ప్రేయర్‌లోనే ఇది చేయరాదు, అది చేయరాదు అని చదివేస్తే బిడ్డకు వినపడేది ఒక్కటే. ఇక్కడ తప్పు చేస్తే దొరికిపోతాను. తనను ఎరిగిన మనిషి అదే నియమాన్ని కారణంతో చెబితే వినపడేది వేరు. ఇక్కడ నా కోసం ఒక పద్ధతి ఉంది. బడిలో కొట్టకూడదని చట్టమే చెప్పింది. కొట్టకుండా బడి నడవాలంటే పిల్లకు టీచరు మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం పోగయ్యేది ఈ మొదటి నెలలోనే.

వేరే భాష పిల్లల గురించి ఒక్క మాట విడిగా చెప్పాలి. మన సర్కారు పాఠ్యపుస్తకంలో 2022 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. తెలుగు బిడ్డకు అది పెద్ద ఆసరా. బిహార్ నుంచి వచ్చిన బిడ్డకు ఆ రెండు పేజీల్లో ఏదీ తనది కాదు. రోజంతా వినీ వినీ అర్థంకాక ఆ బిడ్డ మూగగా కూర్చుంటుంది. అందరూ ఆ బిడ్డకు చదువు రాదనుకుంటారు. కానీ హిందీ పీరియడ్ రాగానే చూడండి. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుతుంటే ఆ బిడ్డ గడగడా చదువుతుంది. ఆ ఒక్క పీరియడ్‌లో తనకే ఎక్కువ వచ్చు. తెలివైన బడి దీన్ని వాడుకుంటుంది. స్టాఫ్‌రూంలో ఆ బిడ్డతో తన భాషలో మాట్లాడగలిగేది హిందీ టీచరు. కాబట్టి హిందీ తెలిసిన బయటి రాష్ట్రాల పిల్లలకు తొలి నెల బాధ్యత ఆయనకో ఆమెకో ఇవ్వడం సహజం. ఆ బిడ్డను తెలుగు బిడ్డ పక్కన కూర్చోబెట్టి, నువ్వు హిందీ నేర్పు, తను నీకు తెలుగు నేర్పుతుంది అంటే చాలు. తీసుకునే బిడ్డే ఇచ్చే బిడ్డ కూడా అవుతుంది. ఇచ్చే చోటు దొరికిన బిడ్డ బడి విడిచి పోదు.

ఇప్పుడు కాదనేవాళ్ల మాట వినాలి. అందులో బలమున్న మాటలు ఉన్నాయి. మొదటిది, సిలబస్. జూన్ పోతే జూలైలో పరీక్ష వస్తుంది, పాఠాలు ఎప్పుడు చెప్పాలి? న్యాయమైన ఆందోళనే. కానీ నేను అడిగిన నెల అంటే నెలంతా పాఠాలు ఆపడం కాదు. మొదటి రెండు రోజులు పూర్తిగా, ఆ తర్వాత వారానికి ఒకటి రెండు పీరియడ్లు. అదీ కాక, గదిలో భయంతో కూర్చున్న బిడ్డకు చెప్పిన పాఠం చెప్పినట్టా? ఊరి బడి నుంచి కూడిక తీసివేత తడబడుతూ వచ్చిన పిల్లలు ఎందరో ఉంటారు. భయం లేని బిడ్డ నాకు రాదని చెప్పగలదు. భయపడే బిడ్డ పక్కవాళ్ల నోట్సు చూసి రాసి దాచిపెడుతుంది. ఆ దాచిన లోటు పదో తరగతిలో బయటపడుతుంది. జూన్‌లో పెట్టిన ఈ కొద్ది పీరియడ్లు పదో తరగతిలో వంద పీరియడ్ల కష్టాన్ని తప్పిస్తాయని నా నమ్మకం.

రెండో మాట, మేమంతా ఇలాగే చదవలేదా, మాకెవరు చేయి పట్టారు? ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. చదివినవాళ్లే ఈ మాట అనగలరు. ఆరులోనో ఏడులోనో ఆగిపోయినవాళ్లు ఈ చర్చలో లేరు. వాళ్లు ఏ కూలిపనిలోనో ఉన్నారు. నిలబడిన వాళ్లను చూసి దారి బాగుందనుకుంటే, పడిపోయిన వాళ్లను లెక్కలోకి తీసుకోనట్టే. మూడో మాట, ఇలా గారాబం చేస్తే పిల్లలు గట్టిపడరు. దారి చూపడం గారాబం కాదు. మన పక్కనున్న విమానాశ్రయమే చూడండి. ఎన్నో దేశాలు తిరిగిన ప్రయాణికుడికి కూడా అక్కడ బాణం గుర్తులు ఉంటాయి, బోర్డులు ఉంటాయి, అడిగితే చెప్పే మనిషి ఉంటారు. ఆ ప్రయాణికుడు మెత్తబడిపోతాడని ఎవరూ అనరు. అతని బుద్ధి దారి వెతకడంలో ఖర్చు కాకుండా చేస్తారు. బిడ్డకూ అంతే. బాత్రూం ఎక్కడో వెతకడంలో కాక భిన్నాలు నేర్చుకోవడంలో ఆ కష్టం పెట్టనివ్వండి.

నాలుగో మాట టీచర్లది. అన్నిటికన్నా బలమైనది ఇదే. పిల్లల్ని చేర్పించే బడిబాట మేమే తిరగాలి, యూడైస్ మేమే ఎక్కించాలి, ఆపార్ ఐడీలు మేమే చేయాలి, భోజనం లెక్క మేమే రాయాలి, ఇప్పుడు ఇది కూడానా? ఈ అలసట నిజం. అందుకే ఇది ఇంకో అదనపు పని కాకూడదంటున్నాను. ఈ బాధ్యత తీసుకున్న టీచరుకు ఆ నెలలో వేరే రాతపని తప్పించాలి. టైంటేబుల్‌లో ఆ పీరియడ్లు పేరు పెట్టి రాయాలి. క్లాస్ టీచర్ ఉండనే ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. హాజరు తీస్తారు, ఆ వెంటనే పాఠంలోకి వెళ్లాలి. టైంటేబుల్‌లో లేని పని ఎంత మంచి మనసున్నా జారిపోతుంది. రాసిపెట్టిన పని నిలుస్తుంది. ఇంకో సంగతి. ఈ పని బరువు ఏప్రిల్లోనే సగం దించుకోవచ్చు. స్కూల్ కాంప్లెక్స్ అనే ఏర్పాటు మనకు ఎప్పటినుంచో ఉంది. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలు ఒక హైస్కూలుతో కలిసి ఉంటాయి. వేసవి సెలవులకు ముందే ఐదో తరగతి పిల్లల్ని ఒక పూట హైస్కూలుకు తీసుకురావచ్చు. ఇంగ్లండ్‌లో కూడా పదకొండేళ్లకే పెద్ద బడికి మారతారు. అక్కడ చాలా బడులు సెలవులకు ముందే పిల్లల్ని కొత్త బడికి పిలిచి ఒక రోజు గడపనిస్తాయి. మనం ఒక పూట గడపనిద్దాం. ఊరి బడి టీచరు ఒక్కో బిడ్డ గురించి నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. ఈ బిడ్డకు ఏది బాగా వచ్చు, ఎక్కడ ఆసరా కావాలి, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా. అల్లరివాడు, మొద్దు లాంటి ముద్రలు అందులో ఉండకూడదు. ఐదేళ్లు ఆ బిడ్డను చూసిన కళ్లు చెప్పే నాలుగు మాటలు హైస్కూలుకు నాలుగు నెలల వెతుకులాట తప్పిస్తాయి.

తల్లిదండ్రుల గురించి కూడా చెప్పుకోవాలి. కొత్త పిల్లల పరిచయం అంటే ఇంటి పరిచయం కూడా. కానీ శంషాబాద్‌లో ఇళ్లకు గడియారం వేరు. విమానాలు రాత్రింబవళ్లు దిగుతాయి. శుభ్రం చేసే అమ్మ, సామాను ఎత్తే నాన్న, సెక్యూరిటీలో నిలబడే అన్న, ఒక్కొక్కరిది ఒక్కో షిఫ్టు. పొద్దున పది గంటలకు మీటింగ్ పెట్టి, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, రాలేదు అనడం న్యాయం కాదు. రాత్రంతా పనిచేసి వచ్చిన తల్లి ఆ వేళ కన్నుమూసి ఉంటుంది. పని వదిలి వస్తే ఆ రోజు జీతం పోయే తండ్రి ఉంటాడు. కాబట్టి ఒక మీటింగ్ పొద్దున, ఒక మీటింగ్ సాయంత్రం పెట్టవచ్చు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. వాటిలో మహిళా సంఘాల వాళ్లున్నారు. ఏ బస్తీలో ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ల సాయం అడగాలి. వచ్చిన తల్లిదండ్రులకు కూడా ముందు మనిషే కావాలి. ఈ టీచరు నీ బిడ్డను చూసుకుంటారు, ఏదైనా ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయాలి అన్న ఒక్క మాట చాలు. చదువురాని తల్లికి హైస్కూలంటే ఉండే బెరుకు అక్కడే సగం తగ్గుతుంది.

వింటున్న మీలో టీచర్లు ఉంటారు, తల్లిదండ్రులు ఉంటారు, ఏడో తరగతి పిల్లలూ ఉంటారు. కాబట్టి ముగించే ముందు మళ్లీ ఒకసారి చెబుతాను. ఆరో తరగతి అంటే బిడ్డకు కొత్త ఊరు. బడి మారితే చదువు జారుతుందని న్యూయార్క్ లెక్క చెప్పింది. చేయి పట్టుకుంటే నిలుస్తుందని రంగారెడ్డి జిల్లా పల్లెలు చూపించాయి. తోటి పిల్లల మాటతోనే భయం తగ్గుతుందని మాడిసన్ పిల్లలు చూపించారు. కాబట్టి హెచ్ఎంలకు నా విన్నపం, ఈ ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడు కొత్త పిల్లల బాధ్యత అనే వరస ఒకటి గీసి, దాని ఎదురుగా ఒక టీచరు పేరు రాయండి. జూన్‌కే కాదు, ఏడాది మొత్తానికి రాయండి. ఆ పేరున్న టీచరు మీద వేరే రాతపని వేయకండి. తల్లిదండ్రులకు నా మనవి, బడికి వెళ్లినప్పుడు నా బిడ్డను చూసుకునే టీచరు ఎవరు అని అడగండి. అది మీ హక్కు. ఏడో తరగతి పిల్లలూ, మీతో ఒక మాట. పోయిన ఏడు మీకు ఏ భయం వేసిందో మీకే బాగా గుర్తుంటుంది. రేపు కొత్తగా వచ్చిన చెల్లి దగ్గరకు మీరే ముందు వెళ్లండి. పేరు అడగండి. మీ పేరు చెప్పండి. భోజనానికి కూడా తీసుకెళ్లండి. సర్కారు ఉత్తర్వు వచ్చే దాకా ఆగాల్సిన పని ఇందులో ఏదీ లేదు. రేపు పొద్దున ప్రేయర్ కాగానే మొదలుపెట్టవచ్చు.